మేకుకి వేలాడుతున్న బెల్టు

పోయిన నెల మా కాలేజీలో ఫైనలియర్ ప్రాజెక్టుల ప్రదర్శన జరిగింది. నా దగ్గర పనిచేసిన నలుగురు పిల్లలు చీలమండకి కట్టుకునే బెల్టు ఒకటి చేసి పెట్టారు. కాలికి అటూ ఇటూ రెండు పలకలు, మూడు పట్టీలు, కదలికని కొలిచే సెన్సర్లు, పాదం పక్కకి ఒరిగితే జుయ్‌మనే ఒక చిన్న మోటారు. బయటినుంచి వచ్చిన న్యాయనిర్ణేత ఒకాయన ల్యాప్‌టాప్‌లో గ్రాఫు చూసి, “యాక్యురసీ ఎంత?” అని అడిగారు. “రెండు డిగ్రీల లోపే తేడా సార్” అన్నాడు మావాడు. ఆయన సంతోషించారు. రెండో బహుమతి వచ్చింది.

సరిగ్గా ఆ సమయానికి, దానికి జతగా చేసిన ఇంకో బెల్టు ఒడిశాలోని కాశీనగర్ దగ్గర మా మేనత్త ఇంట్లో గోడ మేకుకి వేలాడుతోంది. ఆ సంగతి నాకు తెలుసు, పిల్లలకీ తెలుసు. “దీన్ని ఎవరైనా ఎన్ని గంటలు కట్టుకున్నారు?” అని ఆయన అడిగి ఉంటే నిజమే చెప్పేవాళ్ళం. ఆయన అడగలేదు. ఇన్నేళ్ళుగా ఇలాంటి ప్రదర్శనల్లో నేను కూడా ఎవరినీ అడగలేదు.

ఒంటికి తొడుక్కునే పరికరం ఏదైనా సరే, డిగ్రీలు చూసేముందు గంటలు చూడాలని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. మనం పక్కన లేనప్పుడు, తన పని తాను చేసుకుంటూ, ఆ మనిషి దాన్ని ఎంతసేపు ఒంటిమీద ఉంచుకుంది? నమూనా మంచిచెడ్డలు తేల్చే మొదటి పరీక్ష అదే. ఈ మాట మీద నాకున్న అనుమానాలు కూడా కింద రాస్తాను.

అత్త కాలు

నాలుగేళ్ళ కిందట ఉభాలప్పుడు, అంటే వరినాట్ల కాలంలో, గట్టు మీద జారి అత్త ఎడమ చీలమండ బెణికింది. పసుపూ సున్నమూ పట్టు వేశారు, ఆముదం రాసి జిల్లేడాకుతో కాపడం పెట్టారు. వాపు తగ్గగానే, పదో రోజుకల్లా, మళ్ళీ పొలంలో దిగింది. అప్పటినుంచి ఆ కాలు పదేపదే మడతపడుతోంది. బరంపురం తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరగలేదన్నారు. చీలమండ బయటివైపు ఉండే బంధకాలు, ముఖ్యంగా పిక్క పక్కనుండే సన్న ఎముకని పాదంలోని ఎముకతో కలిపే ముందరి బంధకం, ఒకసారి సాగితే పట్టు తప్పుతుంది. దానితోపాటు పాదం ఎటు వాలుతోందో మనకి తెలియజెప్పే స్పృహ కూడా మందగిస్తుంది. అత్తకి జరిగింది అదే.

ఆవిడ పని చూస్తే ఆ కాలికి విశ్రాంతి ఎక్కడ? మార్చి నుంచి మే దాకా కొండవాలులో జీడిపిక్కలు ఏరాలి. ఎండుటాకుల కింద రాయి ఉందో గుంట ఉందో కనపడదు. కాళ్ళకి హవాయి చెప్పులు. మెడికల్ షాపులో కొన్న ఎలాస్టిక్ బెల్టు మూడు రోజులు వేసుకుని, చెమటకి దురద పుడుతోందని తీసేసింది.

నేను ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే మనిషిని. ఇంతకంటే మంచిది మనమే చేయగలం అనుకున్నాను. ఆ ఏడాది నా దగ్గరికి వచ్చిన జట్టులో ఇద్దరు ఒడియా పిల్లలు, ఇద్దరు తెలుగు పిల్లలు. అందరికీ ఇంట్లో ఇలాంటి కాలున్న అమ్మమ్మో అత్తో ఉంది. కాబట్టి ఎవరినీ ఒప్పించాల్సిన పని పడలేదు.

లాబ్‌లో గెలిచిన బెల్టు

మొదటి బెల్టు పలకలు త్రీడీ ప్రింటర్ మీద పీఎల్ఏ ప్లాస్టిక్‌తో తీశాం. పిక్క మీద ఒకటి, పాదం మీద ఒకటి, కదలికని కొలిచే ఎంపీయూ6050 సెన్సర్లు పెట్టాం. రెండిటి కోణాలకీ మధ్య తేడా చూస్తే పాదం ఎంత లోపలికి తిరిగిందో తెలుస్తుంది. సెకనుకి 100 సార్లు కొలిచి మెమరీ కార్డులో రాసుకునేలా అమర్చాం. పరీక్షకి ఒక బల్ల తయారుచేశాం. దానిమీద నిలబడ్డ మనిషికి చెప్పకుండా మేకు లాగితే ఒకవైపు 30 డిగ్రీలు ఒరుగుతుంది. బెల్టు లేకుండా కొన్నిసార్లు, బెల్టుతో కొన్నిసార్లు నిలబెట్టి పాదం ఎంత తిరిగిందో రాసుకున్నాం. తేడా బాగా కనపడింది. అందరం పొంగిపోయాం.

ఆ బల్ల మీద నిలబడింది ఎవరు? హాస్టల్లో ఉండే ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. కాళ్ళకి స్పోర్ట్స్ షూ, కింద టైల్స్ నేల, నెత్తిన ఫ్యాను. పరీక్ష సాగినన్నాళ్ళూ మాలో ఒక్కరికీ ఇది తప్పని తోచలేదు. అందుబాటులో ఉన్న కాళ్ళ మీద పరీక్షించాం, అంతే.

మోటారు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ మెచ్చుకున్నది దాన్నే. ప్రమాదాన్ని ముందే హెచ్చరిస్తుందని పోస్టరు మీద పెద్ద అక్షరాలతో రాశారు. ఒక రాత్రి లెక్క వేసుకుంటూ కూర్చుంటే ఆ మాట నిలబడలేదు. కాలు హఠాత్తుగా ఒరిగినప్పుడు దాన్ని ఆపడానికి బిగుసుకోవాల్సిన పిక్క పక్కన కండరం, మన ప్రమేయం లేకుండా తనంతట తాను స్పందించడానికే సుమారు 60 నుంచి 80 మిల్లీసెకన్లు పడుతుంది. కండరం స్పందించాక బలం కూడదీసుకోవడానికి ఇంకాస్త సమయం కావాలి. బెణుకు దాదాపు ఆ వ్యవధిలోనే అయిపోతుంది. ఇక మోటారు కదిలి, ఆ జుయ్‌మనడం చర్మానికి తెలిసి, మెదడు అర్థం చేసుకుని కాలు సర్దుకునేసరికి దానికి రెండింతలకి పైగానే గడిచిపోతుంది. అంటే కాలు మడతపడ్డాక, మడతపడిందని మనకి చెబుతుందన్నమాట.

మోటారు తీసేద్దాం అన్నాను. పిల్లలు చాలా బాధపడ్డారు. “అది తీసేస్తే ఇందులో ఇంకేం మిగుల్తుంది సార్? మెడికల్ షాపు బెల్టే కదా?” అన్నాడు ఒకడు. వాడి బాధ న్యాయమైనదే. ఎలక్ట్రానిక్స్ పిల్లల ప్రాజెక్టులో ఎలక్ట్రానిక్స్ కనపడకపోతే మార్కులెవరిస్తారు? ప్రదర్శన కోసం మోటారు ఉంచేశాం. ఆ విషయంలో నేను గట్టిగా నిలబడి ఉండాల్సింది.

“బాగానే ఉంది నాన్నా”

మార్చిలో రెండో బెల్టు తీసుకుని అత్త దగ్గరికి వెళ్ళాను. ఎలా కట్టుకోవాలో చూపించాను. “కాలికి ప్లాస్టిక్ కడియం తెచ్చావా” అని నవ్వింది. వారం తర్వాత ఫోన్ చేస్తే “బాగానే ఉంది నాన్నా, దినాం కట్టుకుంటన్నాను” అంది. రెండో వారం కూడా అదే మాట.

ఆ బెల్టు లోపల, చర్మానికి ఆనుకునేలా, ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి పెట్టాం. కాలికి కట్టుకుంటే లోపల వెచ్చగా ఉంటుంది, విప్పేస్తే గది వేడికి వస్తుంది. ఆ తేడాని బట్టి కట్టుకున్న గంటలు లెక్క కట్టొచ్చు. ఇలాంటి పద్ధతి బయట కూడా వాడుకలో ఉంది. మూడో వారం కార్డు తెచ్చి చూస్తే పొద్దున్నుంచి రాత్రి దాకా 34 డిగ్రీల దగ్గర గీత తిన్నగా ఉంది. రోజుకి పన్నెండు గంటలు కట్టుకున్నారని పిల్లలు చప్పట్లు కొట్టారు. పక్కనే కదలిక గీత తెరిచాను. అదీ తిన్నగానే ఉంది. ఒక్క అడుగు కూడా లేదు.

మా అత్త పన్నెండు గంటలు కదలకుండా కూర్చునే మనిషి కాదు. బెల్టు రోజంతా మేకుకే ఉంది. వేసవిలో రేకుల కింద గది వేడీ, కాలి చర్మం వేడీ దాదాపు ఒకటే అయిపోయాయి. జనవరిలో చేసి ఉంటే ఆ సెన్సర్ సరిగ్గానే పనిచేసేదేమో. మా ఊరి ఏప్రిల్‌లో దానికి కాలికీ గోడకీ తేడా తెలియలేదు.

ఇక్కడ రెండు సంగతులు నన్ను ఇప్పటికీ తొలుస్తున్నాయి. అత్త అబద్ధం చెప్పిందని నేను అనుకోను. మేనల్లుడు కష్టపడి చేసి తెచ్చాడు, వాడి మనసు నొప్పించకూడదనుకుంది. మన ఇళ్ళల్లో వండిపెట్టిన మనిషి ముందు కూర బాలేదని అంటామా? కాబట్టి మనవాళ్ళ నోటి నుంచి వచ్చే “బాగానే ఉంది” అన్న మాట మీద ఏ నమూనానీ నిలబెట్టలేం. రెండో సంగతి, బెల్టులో సెన్సర్లు ఉన్నాయని ఆవిడకి చెప్పాను గానీ, కట్టుకున్నదీ లేనిదీ వాటి వల్ల నాకు తెలుస్తుందని చెప్పలేదు. అది ఆవిడకి తెలియకుండా ఆవిడ మీద నిఘా పెట్టడమే. వెళ్ళి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే సరే, అసలు సంగతి చెప్తాను విను” అంది.

ఆవిడ చెప్పిన అసలు సంగతి ఇదీ. కత్తిపీట ముందు గొంతుక్కూర్చుంటే ముందరి పట్టీ కాలి మడతలో కోసుకుంటోంది. మఠం వేసుకుని అన్నానికి కూర్చుంటే బయటివైపు పలక చీలమండ ఎముకకీ నేలకీ మధ్య నలిగి జివ్వుమంటోంది. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి, బెల్టు చెప్పుతో కలిపి బిగించాం కాబట్టి దాన్నీ విప్పాలి. వీధి గుమ్మం, పెరటి గుమ్మం, పక్కింటి గుమ్మం. “రోజుకి ఎన్నిసార్లు విప్పి కట్టమంటావురా? నాకు అదే పనా?”

నడకకి చీలమండ పైకి వంగాల్సింది సుమారు 10 డిగ్రీలు. మేం బెల్టులో అంత వెసులుబాటు ఇచ్చాం, పుస్తకంలో ఉన్నట్టే. మడమ నేలకి ఆనించి గొంతుక్కూర్చోవడానికి అంతకి రెండు మూడు రెట్లు కావాలి. ఆ లెక్క మాకు తెలియక కాదు. చీలమండ బెల్టు నడిచేటప్పటికోసమే అనుకున్నాం. అత్త రోజులో నడిచేదెంత, కింద కూర్చుని చేసేదెంత అని ముందుగా ఒక పూట ఆవిడ పక్కన కూర్చుని చూసి ఉంటే సరిపోయేది.

ఈ దేశంలో ఈ పాఠం కొత్తది కూడా కాదు. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పకారుడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి జైపూర్ పాదం చేసింది సరిగ్గా ఈ ఇబ్బంది వల్లే. అప్పటిదాకా దొరికే కృత్రిమ పాదానికి పైన బూటు ఉండాలి. దానితో గొంతుక్కూర్చోవడం కుదరదు, పొలంలో చెప్పుల్లేకుండా దిగడం కుదరదు. వాళ్ళు రబ్బరుతో, వట్టికాళ్ళతో నడవగలిగే, కింద కూర్చోగలిగే పాదం చేశారు. ఈ కథ నేను క్లాసులో చెప్పాను కూడా. అయినా నా చేతిలో తయారైన బెల్టు బూటున్న కాలి కోసమే తయారైంది.

మిత్రుడి అభ్యంతరం

నా చిన్ననాటి మిత్రుడు ఒకడు విశాఖలో కాలిపర్లు (బలం లేని కాలికి ఊతంగా కట్టే పట్టాలు), కృత్రిమ కాళ్ళు అమర్చే పనిలో ఉన్నాడు. ఈ గంటల సిద్ధాంతమంతా వాడికి ఫోన్‌లో చెప్పాను. “సుఖంగా ఉన్నదల్లా పనిచేస్తుందా రా? వదులు మేజోడు ఇస్తే ఇరవై నాలుగ్గంటలూ వేసుకుంటుంది. కాలు మడతపడటం ఆగుతుందా?” అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర సులువైన జవాబు లేదు. అత్త మాటలు విన్నాక చేసిన మూడో బెల్టుని అదే ఒరిగే బల్ల మీద పెడితే మొదటి దానికంటే తక్కువ పట్టు చూపించింది. పాదం కొంచెం ఎక్కువే తిరిగింది. లాబ్ లెక్క ప్రకారం మేం వెనక్కి నడిచాం. కానీ మొదటి రకం బెల్టు ఆ పట్టునంతా అత్త ఇంట్లో మేకు మీద ఉండి చూపించింది. తక్కువ పట్టున్నదైనా కాలి మీద ఉంటే ఎంతోకొంత ఆపుతుంది. ఎంత తగ్గితే ఇక లాభం లేదో ఆ గీత ఎక్కడుందో నాకింకా దొరకలేదు. అందుకే బల్లని పారేయమనడం లేదు. బల్ల మీద నెగ్గాకే ఇంటికి వెళ్ళాలి. ఇంటినుంచి తిరిగొచ్చాక మళ్ళీ బల్ల ఎక్కాలి. నా గొడవల్లా మనం మొదటి మెట్టు మీదే బహుమతి ఇచ్చేస్తున్నామని.

కలాం గారు నిజాం ఇన్‌స్టిట్యూట్‌లో చేసిన పని వాడే గుర్తుచేశాడు. మూడు కిలోల పైచిలుకు ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లల్ని చూసి, క్షిపణుల కోసం తయారైన తేలికపాటి పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించారు. “అక్కడ కొలత గంటలు కాదు, గ్రాములే కదా?” అన్నాడు. నిజమే. కానీ అక్కడ ఆ పిల్లల బాధే బరువు. వార్డులోకి వెళ్ళి చూశాకే ఆ కొలత పుట్టింది. అత్త బాధ బరువు కాదు, గుమ్మాలు.

వాడు అడిగిన ఇంకో ప్రశ్న నాకు రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. “అత్తకి షుగర్ ఉందా?” అన్నాడు. నేను కనుక్కోలేదు. షుగర్ వల్లనో కుష్ఠు వల్లనో పాదంలో స్పర్శ పోయిన మనిషికి గట్టి పలక కడితే, ఒరుసుకుని పుండు పడినా నొప్పి తెలియదు. జివ్వుమంటోందని అత్త చెప్పగలిగింది కాబట్టి సరిపోయింది. తెలియని కాలైతే? పండక్కి వచ్చినప్పుడు వాడే సన్నటి నైలాన్ పోగుతో అత్త అరికాలు పరీక్షించాడు. స్పర్శ బాగానే ఉంది. షుగర్ పరీక్ష కూడా చేయించాం, లేదని తేలింది. అప్పటినుంచి మా జట్టులో ఒక నియమం పెట్టాం. కొత్త బెల్టు మొదటి రోజు ఒక గంటే. విప్పాక ఎర్రటి అచ్చు అరగంటలో పోకపోతే ఆ బెల్టు మళ్ళీ కట్టకూడదు. గంటలు ఎక్కువ కావాలని కోరుకునే నాలాంటి వాడికి ఈ పగ్గం ఉండాలి. లేకపోతే గంటల కోసం ఆవిడ చర్మాన్ని పణంగా పెడతాను.

ఇంకొక్క అనుమానం. బెల్టుతోపాటు డాక్టరు చెప్పిన వ్యాయామం కూడా అత్త చేస్తోంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నంతసేపూ గుమ్మం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడుతుంది. బెల్టు, ఈ నిలకడ వ్యాయామం, రెండూ మళ్ళీ బెణకడాన్ని తగ్గిస్తాయని క్రీడాకారుల మీద జరిగిన అధ్యయనాల్లో తేలింది. మేలు దేనివల్ల జరుగుతోందో ఒక్క మనిషిని చూసి తేల్చలేం. ఈ వ్యాసాన్ని ఎవరూ బెల్టు పనిచేసిందన్న రుజువుగా తీసుకోవద్దు.

బజారులో బాగయ్యేది

మూడో బెల్టు సగం మాది, సగం పర్లాకిమిడి బజారులో చెప్పులు కుట్టే ఒక పెద్దాయనది. తెగిన పట్టీ కుట్టించడానికి వెళ్ళాను. ఆయన గోనె మీద కూర్చుని, బెల్టు తిప్పి తిప్పి చూసి, తన కాలికే పెట్టుకున్నాడు. “ముందుకెందుకు మాస్టారూ పట్టీ? గొంతుక్కూకుంటే మడతపడేది అక్కడే కదా. మడమ ఎనక నుంచి తిప్పండి” అన్నాడు. రోజంతా నేల మీద కూర్చుని పనిచేసే మనిషికి అది అరనిమిషంలో తెలిసింది. వెల్క్రో కూడా వద్దన్నాడు. మట్టి, గడ్డిగింజలు దూరితే అది అతుక్కోదు. దానికి బదులు బకిలు వేశాడు.

మడమ వెనకనుంచి ఎనిమిది అంకెలా తిరిగొచ్చి బయటివైపు పైకి లాగి పట్టే తోలు పట్టీ, దానికి లోపల సైకిల్ ట్యూబు ముక్క. బయటివైపు పలక తీసేసి, చీలమండ ఎముక చుట్టూ ఎంసీఆర్ షీటు రింగు పెట్టాం. కుష్ఠు రోగుల చెప్పులకి వాడే మెత్తటి రబ్బరు అది. లోపలివైపు పలక ప్రింటరుతో తీయడం మానేశాం. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో బండి మీద పెడితే ఒకటి వంకర పోయింది. ఇప్పుడు పీవీసీ పైపు ముక్కని మరిగే నీళ్ళలో పెట్టి కాలి ఒంపుకి తగ్గట్టు వంచుతున్నాం. మా ఊరి కొమ్ము పనివాళ్ళు కొమ్ముని వేడిచేసి వంచినట్టే. మంట మీద మాత్రం పెట్టకూడదు, ఆ పొగ మంచిది కాదు.

ఇదంతా ఎందుకింత వివరంగా రాస్తున్నానంటే, మా సరిహద్దు ఊళ్ళకి బాగుచేయించుకోవడం అసలు సమస్య. ఇలాంటి పరికరాలకి పేరున్న పెద్ద సంస్థ ఒడిశాలో ఉంది, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో. అక్కడ పని మంచిదే. కానీ బకిలు ఊడితే మళ్ళీ అంత దూరం ఎవరు వెళ్తారు? ఇటు చూస్తే పాతపట్నం పక్కనే, కానీ అది ఆంధ్రలో ఉంది, మేం ఒడిశా వాళ్ళం. పరికరం విరిగిన రోజున అది మేకెక్కుతుంది, ఇక దిగదు. అందుకే గంటల లెక్కలో నేను ఇంకొకటి కలిపాను. తెగిన రోజుకీ మళ్ళీ కట్టుకున్న రోజుకీ మధ్య ఎన్నాళ్ళు?

సెన్సర్లు ఇప్పుడు విడిగా చిన్న సంచిలో ఉన్నాయి. వారానికి ఒక రోజు అత్తకి చెప్పి, ఆవిడ ఒప్పుకుంటేనే బెల్టుకి తగిలిస్తాం. మిగతా రోజులకి ఆవిడే గోడ క్యాలెండర్లో బొగ్గుతో గీతలు పెడుతుంది. కట్టుకుంటే గీత, విప్పేస్తే సున్నా, ఎందుకు విప్పిందో మా చిన్న మేనకోడలు పక్కన రాస్తుంది. ఏప్రిల్ చివరి వారంలో సున్నాల పక్కన ఉన్న కారణాలు: “తడిసింది”, “పెళ్ళి”, “మర్చిపోయా”, “తడిసింది”.

తడి సంగతి మాకింకా తేలలేదు. ఎంసీఆర్ బాగానే ఉంటుంది, తోలు మాత్రం నానిపోతోంది. తోలుకి బదులు నైలాన్ నవారు వేస్తానన్నాడు పెద్దాయన. దానికి మళ్ళీ బల్ల పరీక్ష, మళ్ళీ గంట కట్టి అచ్చు చూడటం, అన్నీ మొదటినుంచి చేయాలి. నిన్న అత్త ఫోన్ చేసింది. వానలు పడితే ఉభాలు మొదలవుతాయట. “బురదలోకి ఇది పనికిరాదు, ఇప్పుడే చెప్తన్నాను. తర్వాత నీ మిషనులో గీత లేదని అడక్కు” అంది.

శనివారం పిల్లల్ని తీసుకుని వెళ్తున్నాను. ఈసారి బెల్టు పట్టుకెళ్ళడం లేదు. ఒక పూట గట్టు మీద కూర్చుని, బురదలోంచి ఆవిడ కాలు ఎలా పైకి లాగుతుందో చూస్తాం.